వెర్నా ఇంటి దారి

ఆ వేసవిలో మాకు ఇల్లు ఇప్పించడానికి గవర్నమెంటు ఒప్పుకుంది. దారి ఇవ్వడానికి హోబర్ట్ స్కాగ్స్ ఒప్పుకోలేదు. ఒప్పుకోనని ఆయన నోటితో అననూ లేదు. అదే వచ్చిన చిక్కు.

లోను ఆఫీసు కోర్టు వెనక, మంగలి షాపు పక్కన ఉండేది. అక్కడ పాలెట్ అనే ఆవిడ కూర్చునేది. మాలాంటి పల్లెటూరి కౌంటీల్లో ఇల్లు కొనుక్కునే వాళ్ళకు బ్యాంకు అప్పిస్తుంది, గవర్నమెంటు హామీ ఉంటుంది. ముందుగా చేతి నుంచి ఏమీ పెట్టక్కర్లేదు. చేతిలో చిల్లిగవ్వ లేని మాకు అంతకన్నా ఏం కావాలి? నేను స్కూలు బస్సు నడిపేదాన్ని. మా ఆయన డ్వేన్ రంపపు మిల్లులో పనిచేసేవాడు. అద్దెకుంటున్న ట్రైలర్‌ని, అంటే చక్రాల మీది రేకుల ఇంటిని, చలికాలం లోపల లాక్కుపోతానని ఓనరు చెప్పేశాడు. లాక్కుపోతే విరక్కుండా ఉంటుందా అన్నది వేరే సంగతి. బాత్రూం దగ్గర నేల మెత్తబడి, దానిమీద ప్లైవుడ్ ముక్క వేసుకుని నడిచేవాళ్ళం. మా పిల్ల మిస్టీ సరిగ్గా ఆ ముక్క మీదే గెంతేది.

వెర్నా ఇల్లు అమ్మకానికి వచ్చింది. వెర్నా పెళ్ళి చేసుకోని మనిషి, అంతకుముందు చలికాలంలోనే పోయింది. లూయీవిల్ నగరంలో ఉండే ఆవిడ మేనల్లుడు ఆగస్టు ఆఖరు దాకా మాకోసం ఆగుతానన్నాడు. ఆ తరవాత వేటగాళ్ళ క్లబ్బుకి రొక్కానికి అమ్మేస్తానన్నాడు.

"మీ జీతాలు సరిపోయాయి. ఇల్లు సరిపోయింది. బావి నీళ్ళు పరీక్ష పాసయ్యాయి. ఒక్కటే మిగిలింది రెనీటా, రోడ్డు మీంచి ఇంటికెళ్ళే దారి ఎవరిది?" అంది పాలెట్.

"వెర్నా ఇంటి దారి వెర్నాది కాక ఇంకెవరిది?"

"కాదు. అది హోబర్ట్ గారి గడ్డిపొలంలోంచి పోతోంది. ఎక్కడా రాసి లేదు."

నాకు నవ్వొచ్చింది. "అందరికీ తెలిసినదాన్ని రాసుకోవడం ఎందుకు?"

"గవర్నమెంటుకి తెలీదుగా" అని ఒక కాగితం నా ముందు పెట్టింది. ఫలానా వెడల్పు దారి ఫలానా ఇంటికి చెందుతుంది. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకీ, వాళ్ళ తరవాత వచ్చేవాళ్ళకీ, ఎప్పటికీ. కింద హోబర్ట్ సంతకం చెయ్యడానికి ఒక గీత. "నోటరీ ముందు సంతకం పెట్టిస్తే చాలు. అది లేకపోతే మాత్రం నేనేమీ చెయ్యలేను" అంది.

హోబర్ట్ భార్య ఆలీ, వెర్నాకి సొంత చెల్లెలు. వాళ్ళిద్దరూ బతికున్నన్నాళ్ళూ ఆ దారిలో కంకర పోసిందీ, మంచు తోసిందీ ఆయనే. సంతకం ఎంతసేపు, ఒక్క పూట పని అనుకున్నాం.

ఆ కాగితాన్ని నా మొగుడు ఆదివారం నాడు చర్చి బయట, పికప్ ట్రక్కుల దగ్గర, ఊళ్ళో మగాళ్ళంతా నిలబడి వానల గురించి మాట్లాడుకుంటున్న చోట ఆయన చేతిలో పెట్టాడు. పదిమందిలో అడిగితే కాదనలేడని డ్వేన్ ఆలోచన. హోబర్ట్ కళ్ళజోడు పెట్టుకోకుండానే కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"చూద్దాంలే" అన్నాడు.

మా వైపు చూద్దాంలే అంటే ఇంక చూడక్కర్లేదని అర్థం. డ్వేన్‌కీ ఆ సంగతి తెలుసు. దారంతా స్టీరింగ్ మీద చేత్తో కొడుతూనే ఉన్నాడు.

"నలుగురిలో ఆయన పరువు తీశావు" అన్నాను.

"నేనేం తీశానే? మర్యాదగానే అడిగానుగా!"

"ఆయన మాట చాలదు, కాగితం కావాలని ఊరందరి ముందూ చెప్పావు. ఇంకేం మిగిలింది తీయడానికి?"

డ్వేన్ రేడియో సౌండు పెంచాడు.

మర్నాడు నేను వెళ్ళాను. పెద్దాయన వరండాలో ఊగే కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. ఆలీ పోయాక ఆ పని కూడా తనే చేసుకునేవాడు. నన్ను చూసి తట్టలోంచి రెండు గుప్పెళ్ళు తీసి నా ఒళ్ళో పోశాడు.

"కూర్చో అమ్మాయ్. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోకు."

కాసేపు ఈనెలు తీశాం. కుక్క వచ్చి నా చెప్పులు వాసన చూసి వెళ్ళిపోయింది.

"కాగితం గురించేనా?" అన్నాడు.

"అవునండీ. ఆదివారాలు మా ఆయనకి బుర్ర పనిచెయ్యదు, ఏమనుకోకండి."

"తక్కిన వారాలు పనిచేస్తుందా?"

"పనిచేస్తే మిమ్మల్ని వెతుక్కుంటూ నేనెందుకొస్తాను?"

ఆయన నవ్వలేదు గానీ మూతి కొంచెం వంకర తిరిగింది. "వెర్నా బతికినన్నాళ్ళూ ఆ దారినే నడిచింది. ఒక్కనాడన్నా ఆపానా?"

"లేదండీ."

"మరి నిన్ను ఆపుతాననుకున్నావా?"

"నేననుకోలేదు. గవర్నమెంటు అనుకుంటోంది."

"అయితే గవర్నమెంటుని రమ్మను. దాన్ని ఆపుతాను." ఒక కాయ విరిచి గిన్నెలో పడేశాడు. "చూడమ్మాయ్, నీకు దారి ఇస్తా. రేపే ట్రక్కు తోలుకురా. మీ ఆయనకిస్తా, బుర్ర లేకపోయినా సరే. మీ పిల్లకిస్తా. కానీ ఇంటికెందుకివ్వాలి? ఇల్లంటే ఎవరు? రేపు మీరు అమ్ముకుని పోతారు. ఎవడో వస్తాడు. వాడి మొహం నేనెరగను, వాడి తండ్రినీ ఎరగను. వాడికి కూడా ఇవాళే సంతకం పెట్టెయ్యమంటావా?"

ఆయన చెప్పిన దాంట్లో తప్పు వెతుకుదామని ఇంటికొచ్చేదాకా చూశాను. దొరకలేదు.

"మేం ఎక్కడికీ పోమండీ" అని మాత్రం అనగలిగాను.

"అందరూ అదే అంటారు" అని మిగిలిన చిక్కుడుకాయలు సంచిలో పోసి నాకే ఇచ్చి పంపాడు.

జులైలో రెండో కోత గడ్డి ఎండింది. ఏటా ఆ గడ్డి కట్టలు మోయడానికి డ్వేన్ వెళ్ళేవాడు. పిలిస్తే వెళ్ళడం కాదు, పొలంలో కట్టలు కట్టే మిషన్ చప్పుడు వినిపిస్తే వెళ్ళడమే. పని అయ్యాక ఆయన టొమాటో శాండ్‌విచ్‌లూ, చల్లటి తీపి టీ పెట్టేవాడు. మా ట్రక్కు చెడిపోయినప్పుడు ఆయన వచ్చేవాడు. ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పేవాళ్ళు కాదు.

ఈసారి ఆ చప్పుడు వినిపించగానే మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

"వెళ్తే సంతకం కోసం వచ్చాననుకుంటాడు" అన్నాడు డ్వేన్.

"వెళ్ళకపోతే సంతకం పెట్టలేదని మానేశావనుకుంటాడు."

"మరేం చెయ్యమంటావే?"

"వాన మబ్బు పట్టింది. గడ్డి తడిసిపోతుంది. వెళ్ళు."

నేనూ వెళ్ళాను. నేను ట్రక్కు నడిపాను, డ్వేన్ కట్టలు విసిరాడు, హోబర్ట్ ట్రాలీ మీద నిలబడి పేర్చాడు. ఆ వయసులో పైకెక్కి పేర్చకూడదు, కానీ ఆ మాట చెప్పే మొనగాడెవడు? ఆఖరి కట్ట కొట్టంలోకి చేరేసరికి రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. చెమటకు అంటుకున్న గడ్డి దులుపుకుంటూ టీ కోసం వరండా వైపు నడుస్తున్నాం.

హోబర్ట్ జేబులోంచి నోట్లు తీసి డ్వేన్ చేతిలో పెట్టాడు.

"ఇదేంటండీ?" అన్నాడు డ్వేన్.

"కూలి."

"నాకొద్దు."

"కూలి తీసుకుంటే నీకూ నాకూ మధ్య బాకీలేమీ ఉండవు. కాగితం కావలసినవాళ్ళు అలాగే ఉండాలి."

మమ్మల్ని పుట్టింటి నుంచి వెళ్ళగొట్టినంత పనైంది. డ్వేన్ ఆ నోట్లు గడ్డి కట్ట మీద పెట్టి వచ్చేశాడు. మేం ట్రక్కు దగ్గరికి చేరేలోపే ఆయన వెనకాలే వచ్చి కిటికీలోంచి వాటిని సీటు మీద పడేసి, వానలో తడుస్తూ వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు. నాకు మండిపోయింది. డ్వేన్‌కి మాత్రం ఏడుపొచ్చింది, ఆ విషయం ఇప్పటికీ ఒప్పుకోడు. ఆ డబ్బంతా మరుసటి ఆదివారం చర్చి కానుకల పళ్ళెంలో వేసి వచ్చాడు. వేస్తూ హోబర్ట్ వైపు చూశాడు. ఆయన పాటల పుస్తకంలోకి చూస్తున్నాడు.

ఆగస్టు వచ్చింది. మేనల్లుడు ఫోన్ చేసి క్లబ్బు వాళ్ళు తొందరపెడుతున్నారన్నాడు. అట్టపెట్టెలు తెచ్చుకుందామా వద్దా అని డ్వేన్ అడిగాడు. ఎక్కడికి వెళ్ళినా పెట్టెలు కావాలి కదా, తెమ్మన్నాను.

ఒకరోజు వెర్నా ఇంటి తాళంచెవి తీసుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. వంటింటి గట్టు కొలుచుకోవాలనే మిషతో వెళ్ళాను గానీ, నిజానికి ఆ ఇంట్లో కాసేపు ఉందామని. నేల గట్టిగా ఉంది. కావాలని మడమలతో తొక్కి చూశాను. సింకు ముందు నిలబడి కొళాయి తిప్పి నీళ్ళు తాగాను. ఆ ఇల్లు నాకు కావాలి.

అప్పుడు కిటికీలోంచి హోబర్ట్ కనిపించాడు. పొలం వైపు కంచెలో ఒకచోట తీగలు విడిచి పెట్టిన సందు ఉంది. అందులోంచి వంగి ఇవతలికి వచ్చాడు. చేతిలో నీళ్ళు నింపిన పాల డబ్బా. ఇంటి వైపు చూడలేదు. ఇంటి వెనకున్న గుట్ట ఎక్కాడు. గుట్ట మీద వెర్నా వాళ్ళ కుటుంబపు సమాధులున్నాయి. మా వైపు పాత ఇళ్ళన్నిటికీ అలాంటి గుట్ట ఒకటి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఆలీని కూడా పుట్టింటి వాళ్ళ పక్కనే పెట్టారు. ఆయన ఒక గులాబీ మొక్కకు నీళ్ళు పోసి, అక్కడున్న బకెట్ బోర్లించి దానిమీద కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలికి తగిలించాడు.

ఆయనకు చేతికందే దూరంలో, సమాధులకు అవతలి పక్కన ఒక కొయ్యమేకు ఉంది. దానికి గులాబీ రంగు రిబ్బను. లోను కోసం స్థలం కొలవడానికి వచ్చినవాళ్ళు మే నెలలో హద్దుకి పాతినది. అంటే గుట్ట కూడా ఇంటితోపాటే మాకు వస్తుంది. ఆ రిబ్బను గాలికి ఆయన భుజానికి తగిలేంత దగ్గరగా ఎగురుతోంది. చర్చి దగ్గర మేం కాగితం చేతిలో పెట్టడానికి చాలా ముందే ఆయన ఆ రిబ్బను చూసుంటాడు. మేం మా దారి గురించే అడిగాం. ఆయన దారి గురించి ఎవరూ ఒక్క మాట ఎత్తలేదు.

ఎదురుపడితే ఏమనాలో తెలియక, ఆయన దిగి వెళ్ళేదాకా కర్టెన్ వెనకే నిలబడ్డాను.

సాయంత్రం డ్వేన్‌కి చెప్పాను.

"మనం ఆయన్ని ఆపుతామా ఏంటి?" అన్నాడు.

"ఆయనా అదే మాటన్నాడుగా. మనం విన్నామా?"

డ్వేన్ కొంచెంసేపు ప్లేటులో మొక్కజొన్న రొట్టె ముక్కలు చేస్తూ కూర్చున్నాడు. "పాలెట్‌ని అడుగు" అన్నాడు చివరికి.

పాలెట్ అడ్డు చెప్పలేదు. కాగితం మళ్ళీ టైపు చేయించింది. పైన మా దారి. దాని కింద, గుట్ట మీది సమాధుల దగ్గరికి హోబర్ట్ స్కాగ్స్‌కీ, ఆయన తరవాతివాళ్ళకీ, ఎప్పటికీ దారి అని ఇంకో పేరా. నేను చాలా తెలివైన పని చేశాననుకున్నాను. అది తీసుకుని ఈసారి చర్చికి వెళ్ళలేదు, ఇంటికీ వెళ్ళలేదు. దాణా కొట్టుకి వెళ్ళాం. శనివారం పొద్దున్న ఆయన అక్కడికి వస్తాడు. ఆ కొట్టు కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడే మా చుట్టుపక్కల నోటరీ. పెళ్ళి కాగితాల నుంచి ట్రాక్టరు అమ్మకాల దాకా కోడిమేత బస్తాల మధ్యే ముద్రలు వేసేది.

"హోబర్ట్ గారూ, కాగితం మార్చాం. ఒక్కసారి చదవండి. నచ్చకపోతే చింపెయ్యండి, మళ్ళీ అడగను" అన్నాను.

కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. నిలబడే చదివాడు. పెదాలు కదుపుతూ చదివే మనిషి, అందుకని ఎక్కడిదాకా వచ్చాడో నాకు తెలుస్తోంది. రెండో పేరా దగ్గరికి వచ్చేసరికి పెదాలు ఆగిపోయాయి.

"ఇదేంటి?"

"గుట్ట మీదికి మీకు దారి."

"నాకు కావాలని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. చూశాను."

కౌంటరు దగ్గరావిడ ముద్ర చేతిలో పట్టుకుని కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టింది.

"ఆలీ దగ్గరికి వెళ్ళడానికి నాకు కాగితం కావాలా?" గొంతు పెంచలేదు. పెంచితేనే బాగుండేది.

"మీ పొలంలో నడవడానికి నాకు కావలసొచ్చింది. మీకు మాత్రం ఎందుకొద్దు?"

"కావలసింది నీకు కాదు, నీ వెనకున్న గవర్నమెంటుకి. నా వెనక గవర్నమెంటు లేదు." కౌంటరు మీద దారంతో కట్టేసిన పెన్ను అందుకుని రెండో పేరా మీద ఆ మూల నుంచి ఈ మూలకి ఒక గీత గీశాడు. "నన్నెప్పుడైనా ఆపుతావా?"

"ఆపను."

"మీ ఆయన?"

"నేనా? ఛ, ఏం మాటలండీ అవి!" అన్నాడు డ్వేన్.

"అది చాలు నాకు."

నేను ఊరుకుంటే అయిపోయేది. ఊరుకోలేదు. "మరి మా తరవాత వచ్చేవాడో?" అన్నాను. ఆయన ప్రశ్నే ఆయనకు తిప్పి కొట్టాననుకున్నాను.

కళ్ళజోడు పైనుంచి నా వైపు చూశాడు. "నీ తరవాత వచ్చేవాడికి నేను దారి ఇస్తున్నా. నాకు దారి ఇవ్వాల్సినవాడి సంగతి నువ్వు చూసుకో."

అని, మా పేరా కింద గీత మీద సంతకం పెట్టాడు. కొట్టేసిన చోట ఆయనా, నేనూ, డ్వేనూ పొడి సంతకాలు పెట్టాం. ఆవిడ ముద్ర వేసింది.

హోబర్ట్ పెన్ను వదిలేసి డ్వేన్ వైపు తిరిగాడు. "ఊరికే నిలబడ్డావేం? ఆ బస్తాలు ట్రక్కులో వెయ్యి."

డ్వేన్ బస్తాలన్నీ ఒక్కడే ఎత్తి వేశాడు. హోబర్ట్ జేబులో చెయ్యి పెట్టలేదు. థాంక్స్ అని కూడా అనలేదు. డ్వేన్ ఇంటికెళ్ళేదాకా ఈల వేస్తూనే ఉన్నాడు.

స్కూళ్ళు తెరిచే ముందే ఇల్లు మారాం. మొదటి రోజు మిస్టీ వంటింట్లో గెంతింది. ఏమీ విరగలేదు. గెంతుడు మాన్పించడానికి నాకు కారణం దొరకలేదు.

ఆ తరవాత కొన్నేళ్ళకి హోబర్ట్ కూడా గుట్ట ఎక్కాడు, ఈసారి దిగలేదు. ఆయన గడ్డిపొలం పక్క రాష్ట్రం ఇండియానా నుంచి ఎవరో వచ్చి కొన్నారు. వచ్చిన నెలకే మా దారికి గేటు పెట్టి తాళం వేశారు. నేను కాగితం పట్టుకెళ్ళి చూపించాను. ఆ సాయంత్రమే గేటు తీసేశారు. కాగితం లేకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు, పాలెట్‌ని అనడానికేమీ లేదు.

గులాబీ మొక్క ఇంకా ఉంది. ఎక్కడో దూరాన కాపురముండే హోబర్ట్ కూతురు ఏడాదికోసారి, మే నెలాఖరులో సమాధులకు పూలు పెట్టే రోజుల్లో, కంచె సందులోంచి వంగి వస్తుంది. మా ఇంటి వైపు చూడదు, తండ్రి పోలికే. ఆమె రాకముందు కంచె నుంచి గుట్ట మీదిదాకా నేను గడ్డి కోసి పెడతాను.

పోయిన వసంతంలో డ్వేన్ మోకాళ్ళు బాగా పాడయ్యాయి. టౌనులో మెట్లు లేని చిన్న ఇల్లు చూసుకుందామన్నాడు. సరేనన్నాను. రోడ్డు దగ్గర అమ్మకానికని బోర్డు పెట్టాం. ఒక కుర్ర జంట వచ్చారు. మంచి పిల్లలు. అమ్మాయి కడుపుతో ఉంది. వాళ్ళదీ గవర్నమెంటు హామీ ఉన్న లోనేనట. నాలాగే నేల తొక్కి చూశారు, కొళాయి తిప్పి చూశారు. దారి హక్కు కాగితం చూపిస్తే అబ్బాయి ఊపిరి పీల్చుకున్నాడు. ఇల్లు వాళ్ళకిద్దామని నాకూ అనిపించింది.

వంటింటి కిటికీ దగ్గర ఆ అమ్మాయి ఆగింది. "ఆ గుట్ట కూడా మాకేనా ఆంటీ?"

"మీకే."

"దానిమీదికి ఎవరికన్నా దారి హక్కులాంటిదేమైనా ఉందా?"

"కాగితంలో లేదమ్మా" అన్నాను.

"హమ్మయ్య. అయితే చుట్టూ కంచె బిగించి మేకల్ని మేపుకోవచ్చు" అంది మొగుడితో సంతోషంగా.

వాళ్ళ కారు దారి దాటి రోడ్డెక్కేదాకా చెయ్యి ఊపాను. తరవాత వెళ్ళి బోర్డు ఊడబీకి కొట్టంలో పడేశాను. వరండాలోంచి డ్వేన్ అంతా చూశాడు. ఎలాగూ కొట్టందాకా వచ్చాను కదా అని గడ్డి కోసే మిషన్ బయటికి తీశాను.